మా జామచెట్టు వాళ్ళకే కాస్తుంది

జనవరి 12

మళ్ళీ పంపింది. స్టీలు ప్లేటు నిండా జామకాయలు. గోడ మీంచి మా అత్తగారి చేతికి అందించి, మీ చెట్టువే అత్తయ్యా, చెల్లిని కూడా రుచి చూడమనండి అని చెప్పిందట. చెల్లి అంటే నేను. ఆవిడ నా తోడికోడలు. పైకి అక్కా అని పిలుస్తాను. లోపల ఏమని పిలుస్తానో ఇక్కడ కూడా రాయను.

మీ చెట్టువేనట! అవును, మా చెట్టే. మొదలు మా పెరట్లో ఉంది. గొయ్యి తవ్వింది నేను. ఐదేళ్ళ నుంచి బకెట్లు మోసింది నేను. కాయలు మాత్రం గోడ దాటిన కొమ్మలకే. మా వైపు నిటారుగా ఆకులు, ఆకులు, ఆకులు. పొరుగింటి పుల్లకూర రుచి అంటారు. మా పుల్లకూరే పొరుగింటికెళ్ళి రుచి తెచ్చుకుని ప్లేటులో తిరిగొస్తోంది.

ఒకటి కొరికాను. లోపల గులాబీ రంగు. తియ్యగా ఉంది. దాంతో ఇంకా మండింది.

జనవరి 14

ప్లేటు కడిగి షెల్ఫులో పెట్టాను. ఖాళీ ప్లేటు తిరిగిచ్చే అలవాటు నాకు లేదు, మా అమ్మ అలా పెంచలేదు. ఏదో ఒకటి వేసివ్వాలి. ఏం వెయ్యను, ఆకులా?

జనవరి 23

మా ఆయన కారు కొంటున్నాడు. ఆఫీసులో ఎవరో రిటైరవుతూ అమ్ముతున్నారట, సెప్టెంబర్‌లో చేతికొస్తుందట. సంతోషం. కారుకి షెడ్డు కావాలట. అదీ సంతోషమే. షెడ్డు ఎక్కడండీ అని అడిగితే కాఫీ గ్లాసున్న చేత్తో కిటికీలోంచి చెట్టు వైపు చూపించాడు.

ఎంత మామూలుగా చూపించాడో! చెట్టు ఉన్నచోట తప్ప కారు పట్టదట. ఐదేళ్ళుగా ఒక్క కాయ ఇవ్వని చెట్టుని ఏం చేసుకుంటావు, ఆకులు ఊడ్చుకోవడానికా అని నవ్వాడు.

ఈ ఇంట్లో గోడల రంగు ఆయనది. గేటు డిజైన్ బావగారిది. వంటగట్టు ఎత్తు అత్తగారిది, అందుకే నాకు నడుం నొప్పి. నేను నోరు తెరిచి అడిగి పెట్టించుకున్నది ఆ చెట్టొక్కటే. ఆ మాట అందామనుకున్నాను. ఏడుపొచ్చేలా ఉండి అనలేదు. దానికి బదులు గట్టిగా అరిచాను.

అత్తగారు మధ్యలోకి వచ్చారు. చివరికి ఆవిడ ముందే మాట తీసుకున్నాను. ఆగస్టు పదో తేదీలోపు మన వైపు ఒక్క కాయ చూపించు, చెట్టు జోలికి రాను, కారు వీధిలోనే పెట్టుకుంటాను అన్నాడు. ఒక్క కాయ. రాసి పెట్టుకో అన్నాడు. రాశాను.

ఫిబ్రవరి 3

అత్తగారు అటు వెళ్ళారు. నెల ఇటు, నెల అటు. మామగారు ఉండగానే ఇంటి మధ్యలో గోడ కట్టించి కొడుకులిద్దరికీ చెరిసగం ఇచ్చారు. అన్నదమ్ములు గేటు దగ్గర నిలబడి గంటలు గంటలు నవ్వుకుంటారు. గోడ మా తోడికోడళ్ళిద్దరికీ వచ్చింది.

నర్సరీ అతన్ని అడిగాను. ఎరువు తగ్గిందమ్మా అన్నాడు. రెండు బస్తాలు తెచ్చి వేశాను.

ఫిబ్రవరి 27

ఆకులు అరచేతికన్నా పెద్దవయ్యాయి.

మార్చి 9

షాపులో నాతో కౌంటర్లో ఉండే ఆవిడ చెప్పింది, కాయని చెట్టుని కత్తి చూపించి బెదిరించాలట. కళ్ళజోళ్ళు అమ్మేచోట ఇలాంటి సలహాలు ఫ్రీ. నవ్వి ఊరుకున్నాను. ఇంటికొచ్చి కూరల కత్తి పట్టుకుని చెట్టు ముందు నిలబడి, చూడు, నీకు ఆగస్టు దాకా టైముంది అన్నాను. వెనక్కి తిరిగితే మా ఆయన.

ఆ తర్వాత ఆయన భోజనం చేస్తున్నంతసేపూ నవ్వుతూనే ఉన్నాడు.

మార్చి 16, ఉదయం

ట్యాంకు చూడ్డానికి డాబా ఎక్కాను. ఇన్నాళ్ళూ అటు కాయలే చూశాను, ఇవాళ ఇది కనిపించింది. గోడకవతల మా జామకొమ్మకి లావుపాటి నైలాన్ తాడు కట్టి, రెండో కొసని వాళ్ళ కిటికీ చువ్వకి కట్టింది. దాని మీద కర్టెన్లు. ఆవిడ కర్టెన్లు కుట్టడం, పాతవి ఉతికివ్వడం చేస్తుంది, హోటళ్ళవీ ఆసుపత్రులవీ వస్తాయి. తడి కర్టెన్ అంటే మాటలా, ఒక్కోటి ఒక దూడంత బరువు. కొమ్మ వంగి వంగి నేలకి సమానంగా పడుకుంది. తాడు కింద బెరడు ఒరుసుకుపోయింది.

ఇదన్నమాట సంగతి! చెట్టు ప్రాణం తోడేస్తోంది. ఉన్న బలమంతా ఆ దెబ్బ మాన్పుకోడానికే సరిపోతుంటే ఇక మా వైపు ఏం కాస్తుంది? ఐదేళ్ళుగా నా చెట్టుని కర్టెన్ల స్టాండు చేసుకుని, పైగా ప్లేటులో పెట్టి నాకే పంపుతోంది.

మార్చి 17

ఈ నెల అత్తగారు ఇటే కాబట్టి ఆవిడతోనే కబురు పంపాను, తాడు విప్పమని. జవాబు వచ్చింది: మా వైపుకొచ్చిన కొమ్మ మా ఇష్టం, నచ్చకపోతే గోడ దాటకుండా కట్టేసుకోమను. ఇంకోటి: నా ప్లేటు ఏదీ?

మార్చి 18

బావగారికి చెప్పమని మా ఆయన్ని అడిగాను. ఆడవాళ్ళ గొడవల్లోకి మమ్మల్ని లాగొద్దు అన్నాడు. తెగేదాకా లాగకు అని కూడా అన్నాడు.

మార్చి 19

తెంపేశాను.

మార్చి 19, మధ్యాహ్నం. షాపులో

పొద్దున్న స్టూలెక్కి, గోడ మీదికి వంగి, కత్తెరతో తాడు కోశాను. ముడి దగ్గర తెగగానే కొమ్మ ఒక్కసారి పైకి లేచి నా మొహానికి కొట్టింది. అవతల దభీమని పడ్డాయి. పాడు కళ్ళు, కర్టెన్లు ఉన్నాయో లేదో కూడా చూసుకోలేదు. తెల్లవి. కుళాయి దగ్గర బురద.

ఆవిడ బయటికొచ్చింది. తిడుతుందని చూశాను. తిట్టలేదు. ఒక్కో కర్టెనూ ఎత్తి బకెట్లో వేసుకుంది. నావైపు చూడనైనా లేదు. తిట్టి ఉంటే బాగుండేది.

మార్చి 24

అవి ఏదో హోటల్ వాళ్ళవట. మరకలు పోలేదట. ఇక మీకు ఇవ్వం అన్నారట. అత్తగారు ఈ మాట చెప్పి లోపలికి వెళ్ళి పడుకున్నారు. బావగారు వాళ్ళ పెరట్లో రెండు ఇనుప స్తంభాలు పాతించారు, తాడుకి.

నేను గెలిచాను అనుకోవాలి. అన్నం సయించలేదు.

ఏప్రిల్ 22

మా ఆయన షెడ్డుకి రేకులు అప్పుడే తెచ్చేశాడు. ఆగస్టు దాకా ఆగితే ఏం పోయింది? తెచ్చినవి తెచ్చినట్టే చెట్టు పక్కన పడేశాడు, కింది కొమ్మ ఒకటి రేకుల కింద నలిగి నేలకి అణిగిపోయింది. తియ్యమని అరిచాను. ఎలాగూ కొట్టేసేదేగా అన్నాడు. నేను తియ్యబోతే కదల్లేదు. మనిషీ కదల్లేదు, రేకులూ కదల్లేదు.

మే 19

అవతల కొమ్మ కూడా ఇప్పుడు నిటారుగా లేచి నిలబడింది. చెట్టంతా తలకిందులు చేసిన చీపురులా ఉంది. అటు ఒక్క పువ్వు లేదు. నిరుడు ఈపాటికి అటు తెల్లగా పూసింది, డాబా మీంచి చూసి కుళ్ళుకున్నాను కాబట్టి గుర్తుంది. పోనీలే, ఇద్దరికీ లేదు అని కాసేపు సంతోషించాను. తర్వాత ఆ సంతోషానికి సిగ్గేసింది.

తాడు తీసేస్తే మా వైపు కాయాలి కదా. ఎందుకు కాయదు?

మే 20

ఎందుకు కాయవే?

జూన్ 21

రాయడానికి కూడా కోపంగా ఉంది. ఎవరి మీద అంటే నా మీద.

ఆదివారం కదా అని రేకుల వెనక చెత్త ఊడుస్తున్నాను. రేకుల కింద నొక్కుకుపోయిన ఆ కొమ్మ ఎండిపోయి ఉంటుందనుకున్నాను. ఎండలేదు. కొమ్మ పొడుగునా లేత చిగుళ్ళు పైకి లేచాయి. ప్రతి చిగురుకీ మొగ్గలు! గుండ్రంగా, ఆకుపచ్చగా, జతలు జతలుగా. మా వైపు. ఐదేళ్ళలో మొదటిసారి. చీపురు పడేసి నేల మీద కూర్చున్నాను.

మిగతా చెట్టంతా వెతికాను. ఒక్క మొగ్గ లేదు. నిటారుగా ఉన్న కొమ్మలు హాయిగా ఆకాశంలోకి పోతున్నాయి, వాటికి కాయాల్సిన అవసరమే లేదు. వంచి పడుకోబెట్టిన కొమ్మ ఒక్కటే పూసింది.

అవతల కొమ్మ ఎందుకు కాసేదో అప్పుడు అర్థమైంది. ఆ తడి కర్టెన్ల బరువు. రోజూ వంచి, వంచి, వంచి. నా చెట్టుకి కాపు తెప్పించింది ఆవిడే, ఆవిడకి తెలియకుండానే. దాన్ని కత్తెర పెట్టి కోసింది నేను. రోజంతా జనానికి కళ్ళజోళ్ళు పెట్టి కనబడుతోందా అండీ అని అడిగేదాన్ని.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు అంటారు. నాకు ఆకులకేం కొదవ.

జూలై 4

మా వైపు కొమ్మలన్నీ తాళ్ళతో వంచి, సంచుల్లో ఇటుకలు వేసి వేలాడదీశాను. ఒకటి ఫట్‌మని విరిగింది. గట్టిపడిన కొమ్మ ఒక్కరోజులో వంగదు, మెల్లగా, పొద్దున్న బరువు, సాయంత్రం తేలిక, అలా అలవాటు చెయ్యాలి. ఆరే బట్టల్లాగా. నాకు ఇటుకలున్నాయి, కర్టెన్లు లేవు.

ఈ నెల అత్తగారు ఇటే. కుర్చీ వేసుకుని నా పని చూస్తూ కూర్చున్నారు. ఈ కష్టమేదో పెద్దదానితో సఖ్యంగా ఉండడానికి పడి ఉంటే బాగుండేదమ్మా అన్నారు. ఇటుక నా కాలి మీద పడింది.

జూలై 26

రేకుల కింది కొమ్మకి పిందెలు! మూడు. బఠాణీ గింజంత.

మా ఆయన్ని చెయ్యి పట్టుకుని లాక్కొచ్చి చూపించాను. వంగి చూశాడు. కళ్ళజోడు తీసి చూశాడు. ఇది కాయా, చొక్కా గుండీనా అన్నాడు. కాయ అంటే తినేది అన్నాడు. ఒక్క కాయ చూపించమన్నాడు గానీ సైజు చెప్పలేదని నేను. నీతో మాట్లాడితే కోర్టుకి వెళ్ళినట్టుంటుందని ఆయన. చెట్టు కొట్టడానికి ఆగస్టు పదిహేడున రమ్మని మేస్త్రికి చెప్పేశాడట.

అత్తగారు అక్కడే ఉన్నారు. మాట ఇచ్చినప్పుడూ ఉన్నారు. కుర్చీ అటు తిప్పుకున్నారు. పిందెని కాయ అనడం తనకీ కష్టమేనేమో.

ఆగస్టు 2

ఒకటి రాలింది.

ఆగస్టు 5

ఇంకోటి. ఉడత.

ఆగస్టు 10

గడువు. మిగిలిన పిందె నిమ్మకాయంత కూడా లేదు. చూశావుగా అన్నాడు. గొంతులో కోపం కూడా లేదు, అదే నాకు కష్టమైంది. ఒక మొక్క కుండీలో పెట్టుకో, కొనిపెడతాను అన్నాడు. కుండీ! పిల్లకి బొమ్మ కొనిపెడతానన్నట్టు.

ఆగస్టు 13

వెళ్ళాను. మార్చి నుంచి ఆ గేటు తియ్యలేదు. గడియ ఎటు తిప్పాలో కూడా మర్చిపోయాను.

నాలుగుసార్లు అద్దం ముందు నిలబడి ప్రాక్టీస్ చేసిందంతా గుమ్మం దగ్గరే పోయింది. ఆవిడ కుట్టుమిషన్ ఆపలేదు. అత్తగారు ఈ నెల అక్కడ కదా, మంచం మీద కూర్చుని చిక్కుళ్ళు ఒలుస్తున్నారు, చేతులు ఆగిపోయాయి. నేను నిలబడే చెప్పాను. అక్కా, తప్పు నాది, నీ హోటల్ పని పోయింది నా వల్ల అన్నాను. మిషన్ ఆగింది. తర్వాత కొమ్మలు, బరువు, మొగ్గలు, పదిహేడో తేదీ అన్నీ కలగాపులగంగా చెప్పాను. నీ తాడు మళ్ళీ కట్టుకో, మా వైపు కూడా కట్టుకో అన్నాను. చివర్లో ఏడ్చాను. ఛీ.

ఆవిడ దారం కొస నోట్లో పెట్టుకుని తడిపింది. అప్పుడు అంది: ఆ తెల్ల కర్టెన్లు నాలుగుసార్లు ఉతికాను, నా వేళ్ళు పుండ్లు పడ్డాయి. నువ్వొక్కసారి గోడ మీంచి తొంగి చూశావా? లేదు అన్నాను. ఐతే ఇప్పుడు చెట్టు కోసం వచ్చావన్నమాట, నా కోసం కాదు అంది.

నిజమే. చెట్టు కోసమే గేటు తీశాను. తీసి వెళ్ళాక ఆ వేళ్ళు చూశాను.

సూదిలో దారం ఎక్కిస్తూ, నా ప్లేటు ఇంకా ఇవ్వలేదు అంది. అంతే. మిషన్ మళ్ళీ మొదలైంది.

ఆగస్టు 16

రేపు మేస్త్రి. ఎరువు బస్తా మిగిలింది, దాన్నేం చెయ్యాలో తెలియట్లేదు. చెట్టుకి నీళ్ళు పోశాను. ఎందుకు పోశానో.

ఆగస్టు 17, ఉదయం 7:20

గబగబా రాస్తున్నాను, షాపుకి లేటవుతోంది, అయినా సరే.

పెరట్లో చప్పుడైతే మేస్త్రి అనుకుని లేచాను. అక్క! చీర కుచ్చిళ్ళు దోపుకుని, రెండు పెద్ద టబ్బులు పెట్టుకుని, మా జామకొమ్మలకీ మా వరండా స్తంభాలకీ తాళ్ళు కడుతోంది. నేను వెళ్ళేసరికి సగం పెరడు కర్టెన్లు. ఆకుపచ్చ ఆసుపత్రి కర్టెన్లు, పిండకుండా వేసినవి, నీళ్ళు ధారలు కారుతున్నాయి. కొమ్మలు ఒకటొకటే తల వంచుతున్నాయి. నావైపు చూడకుండా, ఆ కొస పట్టుకో అంది. పట్టుకున్నాను.

మేస్త్రి పలుగు భుజాన వేసుకుని వచ్చి, ఆ కర్టెన్ల ముందు సినిమా మొదలయ్యేదాకా ఆగినట్టు ఆగిపోయాడు. మా ఆయన నోట్లో బ్రష్షుతో బయటికొచ్చాడు.

అక్క కొంగుతో చెయ్యి తుడుచుకుని చెప్పింది, మా వైపు ఎండ చాలట్లేదు మరిదీ, కొత్తగా ఆసుపత్రి పని వచ్చింది, ఈ పెరడు వాడుకుంటే నీకేమైనా ఇబ్బందా అని.

నేను ఏడు నెలలు అరిచాను. ఆయనకి చీమ కుట్టలేదు. వదిన ఒక్క మాట అడిగేసరికి, అడకత్తెరలో పోకచెక్కలా అటు మేస్త్రినీ ఇటు ఆవిడనీ చూసి, నురగ మింగి, అయ్యో ఎంతమాట వదినా, నీ ఇల్లు కాదా ఇది అన్నాడు. చిన్నప్పుడు ఆవిడ చేతి అన్నం తిన్నవాడు, ఇంకేమంటాడు!

మేస్త్రి మళ్ళీ ఎప్పుడు రమ్మంటారు అని అడిగాడు. అక్కే చెప్పింది, ఆసుపత్రి మూసేశాక అని.

ఆగస్టు 17, సాయంత్రం

లోపలికొచ్చాక నా మీద విరుచుకుపడ్డాడు. మీరిద్దరూ ఎప్పుడు కలిసిపోయారు అని. కలవలేదండీ అన్నాను. అబద్ధం కాదు. పొద్దున్నంతా ఆవిడ నాతో ఆ కొస, ఈ కొస తప్ప మాట్లాడలేదు.

సెప్టెంబర్ 14

కారు వచ్చింది. వీధిలో పెట్టాడు. మొదటి రోజే దాని మీద పావురాలు చెయ్యాల్సింది చేశాయి. ఆయన గుడ్డ పట్టుకుని తుడుస్తూ నన్ను చూసిన చూపు!

నాకూ సుఖం లేదు. కుళాయి దగ్గరికి వెళ్ళాలంటే ఆరు కర్టెన్ల కింద దూరి వెళ్ళాలి. తడి గుడ్డ మొహానికి చప్పున తగులుతుంది. షాపుకి వెళ్ళేముందు రోజూ గంటసేపు కొసలు పట్టుకోవాలి. పట్టుకోవడం సరిగ్గా రాదని తిడుతుంది. ఇప్పుడు తిడుతోంది. చెవిలో పడుతుంటే పని తొందరగా అవుతోంది.

అక్టోబర్ 3

పూసింది. మా వైపు, వాళ్ళ వైపు. కర్టెన్ల మీద తెల్ల రేకలు రాలుతుంటే అక్క నన్నే విసుక్కుంది, నీ చెట్టు నా పని పాడుచేస్తోందని. నీ చెట్టు అని ఎవరైనా తిట్టి ఎన్నాళ్ళైందో.

నవంబర్ 8

రేకుల కింది కొమ్మకి మిగిలిన ఆ ఒక్క కాయ. పాత గుడ్డసంచి కట్టి కాపాడాను. పసుపు తిరిగింది. ఎవరికీ చెప్పలేదు. మా ఆయన రోజూ ఆఫీసు నుంచి రాగానే ముందు దాన్నే చూస్తున్నాడని అత్తగారు చెప్పారు.

నవంబర్ 11

కోశాను. ప్లేటు తీసి, మళ్ళీ కడిగి, అందులో పెట్టి, గోడ మీద ఉంచి పిలిచాను. చెయ్యి వచ్చి తీసుకుంది.

పది నిమిషాల తర్వాత చూస్తే ప్లేటు మళ్ళీ గోడ మీద ఉంది. సగం కాయ. గులాబీ రంగు.

ఛ! ఆ ప్లేటు మళ్ళీ నా దగ్గరే పడింది.